గోదావరి ఒడ్డున కుటుంబానికి చోటు కావాలి

2027 జూన్ చివరి వారంలో గోదావరికి మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు, రోడ్లు, వసతి ఏర్పాట్ల గురించి చర్చ ఇప్పటికే సాగుతోంది. 2015లో పుష్కరాల తొలిరోజే రాజమహేంద్రవరంలోని పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. ఆ విషాదం గుర్తున్నవాళ్లకు ఈసారి రద్దీని ఎలా అదుపు చేస్తారన్నదే మొదటి చింత. ఆ చింత న్యాయమైనదే. దానితోపాటు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. పన్నెండు రోజుల పండుగ ముగిశాక, పదమూడో రోజు నుంచి ఆ ఒడ్డు ఎవరికి పనికొస్తుంది?

గోదావరి దగ్గరికి జనం పుష్కరాలకు మాత్రమే రారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి సొంత ఊళ్లకు చేరే కుటుంబాలున్నాయి. కార్తీకంలో వనభోజనాలకు వచ్చేవాళ్లున్నారు. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లలున్నారు. పెళ్లికో గృహప్రవేశానికో వచ్చి, సాయంత్రం ఏటిగట్టు మీదికి నడిచే చుట్టాలున్నారు. ఆ కుటుంబంలో మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచే నాయనమ్మ ఉంటుంది. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఉంటుంది. నీళ్లు కనబడగానే పరుగెత్తే ఏడేళ్ల పిల్లాడు ఉంటాడు. వీళ్లందరూ కలిసి నది పక్కన ఒక పూట హాయిగా గడపాలంటే కావలసినవి పెద్దవేమీ కావు. కాస్త నీడ, కూర్చోవడానికి చోటు, శుభ్రమైన మరుగుదొడ్డి, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఆధారం, భయం లేకుండా కాళ్లు తడుపుకోగల నీళ్లు. ఈ ఐదూ ఒక్కచోట దొరికే పల్లెటూరి రేవులు ఎన్ని ఉన్నాయో గోదావరి జిల్లాల వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలరు.

గోదావరి పర్యాటకం అనగానే ప్రభుత్వాలూ పెట్టుబడిదారులూ మాట్లాడేది బోటు గురించి, రిసార్టు గురించి. ఒడ్డు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సందర్శకుల ప్రాణాలు పోతున్న చోట్లలో అదొకటి. పల్లెకు దక్కవలసిన ఆదాయం చేజారుతున్నదీ అక్కడే. పుష్కరాల కోసం పెట్టబోయే ఖర్చులో ప్రతి రూపాయికీ పన్నెండు రోజుల ప్రయోజనం కాక పన్నెండేళ్ల ప్రయోజనం చూడాలి. గోదావరి ఒడ్డును కుటుంబాల కోసం శాశ్వతంగా తీర్చిదిద్దడానికి ఇంతకంటే మంచి సందర్భం మరో పన్నెండేళ్ల దాకా రాదు.

అంతా పడవ చుట్టూనే

గోదావరి విహారం అంటే పడవ ప్రయాణమే అన్న ఊహ మన మనసుల్లో బలంగా నాటుకుంది. 1973లో బాపు ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ భద్రాచలం దాకా సాగే నదీ ప్రయాణాన్ని తెలుగువాళ్లందరి కలగా మార్చాయి. పాపికొండల అందం అంత గొప్పది కూడా. రాజమహేంద్రవరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నది, ఎగువన రెండు కొండల నడుమ ఇరుకైన దారిలో ఒదిగి వస్తుంది. చుట్టూ ఉన్న అడవిలో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. దాన్ని చూడాలన్న కోరికలో తప్పేమీ లేదు. కానీ ఒక ప్రాంతం పర్యాటకమంతా ఒకే ప్రయాణం మీద, ఏడాదిలో కొన్ని నెలల మీదే ఆధారపడేలా చేయడం ప్రమాదకరం. సీజను చిన్నదైతే, ఆ కొద్ది రోజుల్లోనే ఏడాది ఆదాయం రాబట్టుకోవాలన్న ఒత్తిడి బోటు నడిపేవాళ్ల మీద పెరుగుతుంది. ఒక్క ట్రిప్పు కూడా వదులుకోవడానికి మనసొప్పదు.

ఆ ఒత్తిడి ఎక్కడికి దారితీయగలదో 2019 సెప్టెంబరు 15న చూశాం. 77 మందితో పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. బయటపడ్డవాళ్లు 26 మంది. బోటును నది అడుగు నుంచి పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. ఆ రోజు నదిలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులకు పైనే ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు ఉంటుంది. అంటే మనం టీవీల్లో వినే వరద హెచ్చరికతో పోలిస్తే ఆ రోజు నదిలో ఉన్నది దాదాపు సగం నీరే. అయినా కొండల మధ్య నది మలుపు తిరిగే చోట, సుడులు లేచే చోట ఆ సగం నీరే ప్రాణాంతకమైంది. 11.75, 13.75, 17.75 అడుగుల హెచ్చరికలు డెల్టా గట్ల కోసం, లంక గ్రామాల కోసం పెట్టుకున్నవి. సందర్శకుల బోటుకు హద్దు వేరుగా ఉండాలి. అదీ అధికారుల కాగితాల్లో ఉంటే చాలదు. ఏ రోజు నది ఎంత ఉంది, ఎంత దాటితే పడవ కదలదు అన్నది రేవు దగ్గర బోర్డు మీద, టికెట్టు మీద పెద్ద అక్షరాల్లో కనిపించాలి. అప్పుడే టికెట్టు కొన్న తండ్రి తానే నిలదీయగలడు.

కచ్చులూరు ఒక్కటే కాదు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో ఫెర్రీ ఘాట్ దగ్గర అనుమతి లేని బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా గడుపుదామని వచ్చిన వాకర్స్ క్లబ్ సభ్యులు. 2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగింది. వాన లోపలికి రాకుండా తలుపులు మూసి ఉండటంతో చాలామంది బయటికి రాలేకపోయారు. అందులో ఉన్నవాళ్లు విహారయాత్రికులు కారు, తమ ఊళ్లకూ పనులకూ వెళ్లి వచ్చే మన్యం జనం. ఒకచోట అనుమతి లేకపోవడం, ఒకచోట వాతావరణాన్ని లెక్కచేయకపోవడం, ఒకచోట ప్రవాహాన్ని తక్కువ అంచనా వేయడం. కారణాలు వేరైనా మూడింటిలోనూ పాఠం ఒకటే. పడవ కదలకముందే ఆపగల అధికారం ఉన్న మనిషి రేవులో నిలబడి ఉండాలి.

ఆ తర్వాత మార్పులు వచ్చిన మాట నిజమే. పాపికొండల బోట్లు రెండేళ్లకు పైగా ఆగి 2021 నవంబరులో తిరిగి మొదలయ్యాయి. ప్రధాన రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టారు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, తనిఖీ, సిబ్బంది అర్హత, ప్రాణరక్షణ సామగ్రి అన్నీ అందులో ఉన్నాయి. వాటిని రోజూ అమలు చేయడమే ఇక మిగిలిన పని. సెలవు రోజున, పండుగ రోజున, రద్దీ మరీ ఎక్కువగా ఉన్న రోజున అమలు చేయడమే అసలు పరీక్ష.

పడవ ఎక్కనివాళ్ల సంగతి

పడవ ప్రమాదం జరిగితే దేశమంతా వింటుంది. ఒడ్డున జరిగే మరణాలు జిల్లా పేజీల్లో చిన్న వార్తలుగా ముగిసిపోతాయి. 2025 మే నెలలో కోనసీమలో ముమ్మిడివరం మండలం కమిని లంక దగ్గర గోదావరిలో దిగిన ఎనిమిది మంది యువకులు మునిగిపోయారు. శుభకార్యానికి వచ్చి, ఎండకు తాళలేక స్నానానికి వెళ్లిన పిల్లలు వాళ్లు. వేసవి వస్తే ఇలాంటి కబురు గోదావరి తీరం వెంట ఏదో ఒక ఊరి నుంచి వినిపిస్తూనే ఉంటుంది. పోయేవాళ్లలో చాలామంది ఆ రేవుకు కొత్తవాళ్లు.

అందుకు కారణం ఉంది. వేసవి గోదావరి పైకి శాంతంగా కనబడుతుంది. మోకాటి లోతు నీళ్లు, మెత్తటి ఇసుక, అవతల లంక. కానీ ఇసుక తవ్విన చోట నీటి కింద గుంతలుంటాయి. మోకాటి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతులోకి జారిపోవచ్చు. ఒక వరద వెళ్లాక ఇసుక తిన్నెలు చోటు మారతాయి, నిరుడు మెరకగా ఉన్నది ఈ ఏడు మడుగవుతుంది. సముద్రానికి దగ్గరి పాయల్లో పోటు, పాటు తేడాకు నీటి లాగుడు గంట గంటకూ మారుతుంది. ఊరివాళ్లకు ఇదంతా తెలుసు. ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో చిన్నప్పటి నుంచి పెద్దలు చెప్పి ఉంటారు. బయటి నుంచి వచ్చిన కుటుంబానికి చెప్పేవాళ్లు లేరు. ఆ తెలివిడిని వాళ్లకు అందించే ఏర్పాటు లేకపోవడమే ఈ మరణాలకు మూలం.

పుష్కరాలకు మనం ఏం చేస్తాం? ఘాట్ల ముందు నీళ్లలో కంచెలు కడతాం, లోతుకు గుర్తులు పెడతాం, గజ ఈతగాళ్లను కాపలా ఉంచుతాం, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు కడతాం, రాత్రిళ్లు దీపాలు వెలిగిస్తాం. ఏం చేయాలో మనకు బాగా తెలుసునన్నమాట. చేసి చూపించగలమని కూడా తెలుసు. పన్నెండు రోజులయ్యాక కంచెలు తీసేసి, ఈతగాళ్లను ఇంటికి పంపేస్తాం. గదులకు తాళాలు పడతాయి, తర్వాత తలుపులు ఊడతాయి. చీకటి పడితే ఆ మెట్ల మీద సీసాలు పగులుతాయి. కుటుంబంతో అటు వెళ్లాలంటే భయపడే పరిస్థితి వస్తుంది. నీళ్లలో భద్రతకూ గట్టు మీది భద్రతకూ సంబంధం ఉంది. దీపం ఉండి, మనుషులు తిరిగే రేవులో ఆడపిల్లలు నిశ్చింతగా కూర్చుంటారు. వాళ్లు కూర్చున్న చోట పసివాళ్ల మీద నాలుగు కళ్లు ఉంటాయి.

అసలు చిక్కు బాధ్యతలో ఉంది. కాలువ గట్టు జలవనరుల శాఖది. గుడి ముందు రేవు దేవదాయ శాఖ చూస్తుంది. పట్టణంలో ఘాట్ పురపాలికది, పల్లెలో పంచాయతీది. మడ అడవి అటవీ శాఖది. పర్యాటక శాఖకు బోట్లూ బసలూ ఉన్నాయి. ఇందరు ఉన్నా, ఆదివారం సాయంత్రం రేవులో దిగిన పిల్లాడి గురించి జవాబు చెప్పవలసిన ఒక్క మనిషి లేడు. పుష్కరాలకు మాత్రం ఘాట్‌కు ఒక అధికారిని నియమిస్తారు. ఆ పద్ధతే ఏడాది పొడవునా కొనసాగితే సగం సమస్య తీరుతుంది.

నదికీ ఒక పంచాంగం ఉంది

గోదావరి ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. జూన్ ఆఖరుకో జూలైలోనో ఎర్రనీరు వస్తుంది. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. ఆ రోజుల్లో నదిని గట్టు మీద నుంచి చూడాలి, బ్యారేజీ దగ్గర నిలబడి చూడాలి, పులస పులుసు తినాలి. నీళ్లలోకి దిగకూడదు. పుష్కరాలు సరిగ్గా ఈ కాలం మొదట్లోనే వస్తున్నాయి కాబట్టి ఘాట్ల రూపకల్పనలో పెరిగే నీటిని లెక్కలోకి తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నది తేరుకుని, గాలి చల్లబడి, పొలాలు పచ్చగా ఉండే కాలం. కుటుంబ విహారానికి అసలైన రోజులు అవే. ఏప్రిల్‌లో రబీ ముగిశాక డెల్టా కాలువలు కట్టేస్తారు, జూన్‌లో తిరిగి నీళ్లు వదులుతారు. పిల్లలకు సెలవులు దొరికేది మాత్రం ఆ నడిమి కాలంలోనే. కాలువ అందం చూద్దామని మే నెలలో వచ్చిన కుటుంబానికి ఎండిన కాలువ అడుగు కనిపిస్తుంది. అప్పుడే వాళ్లు తెలియని నదీ పాయల్లోకి దిగుతారు.

ఈ పంచాంగాన్ని సందర్శకుడికి ముందే చెప్పడం ఖర్చులేని పని. ఏ నెలలో ఏది చూడాలి, ఏ నెలలో ఎక్కడ దిగకూడదు, పొద్దున వెళ్లాలా సాయంత్రం వెళ్లాలా అన్నది ఒక పేజీలో రాసి బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, బస చేసే చోట్ల పెట్టవచ్చు. ఊరి బడిలో నదిని గురించి పిల్లలకు పాఠం చెప్పవచ్చు. వేసవి సెలవుల్లో రక్షణ ఉన్న చోట ఈత నేర్పవచ్చు. నది పక్కన పుట్టిన పిల్లలకు కూడా ఈత రాని రోజులు వచ్చాయి. పట్నంలో పెరిగిన వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

టికెట్టు లేని సంపద

పడవ ఎక్కకుండానే గోదావరి సీమలో కుటుంబం రెండు మూడు రోజులు నిండుగా గడపవచ్చు. ధవళేశ్వరంతో మొదలుపెట్టవచ్చు. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానంలో నేటి బ్యారేజీ నిలబడింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా మూడున్నర కిలోమీటర్ల మేర నదిని పట్టి ఉంచుతుంది. పది లక్షల ఎకరాలకు నీళ్లు ఇక్కడి నుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు చీలి వెళ్తాయి. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది. తాము తినే అన్నం ఎక్కడి నీళ్లతో పండుతుందో పిల్లలు ఇక్కడ ఒక గంటలో గ్రహిస్తారు.

అక్కడి నుంచి కాలువ వెంట సాగాలి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులున్నాయి. రోడ్లు లేని కాలంలో ధాన్యం, కలప, మనుషులు కాలువల మీదే ప్రయాణించారు. ఎత్తు మారే చోట పడవను లాకులో నిలిపి, నీటిని నింపో వదిలో పైకీ కిందికీ దాటించేవాళ్లు. ఆ పనితనం చూసిన పిల్లవాడికి భౌతికశాస్త్రం పుస్తకంలో చదివినదానికంటే బాగా తలకెక్కుతుంది. కాలువ గట్టు మీద కొబ్బరి చెట్ల నీడ, ఎత్తుపల్లాలు లేని దారి, పక్కన వరిచేలు. నడకకూ సైకిలుకూ ఇంతకంటే అనువైన దారులు రాష్ట్రంలో అరుదు. అదే ఆత్రేయపురంలో ఆడవాళ్లు వేడి కుండ మీద వరిపిండి జాలుతో రేకు తీసి పూతరేకు చుడతారు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కొనుక్కుని వెళ్లిపోవడం కంటే పక్కన కూర్చుని తయారీ చూడటం పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుంటుంది. కడియపులంక చుట్టుపక్కల నర్సరీల్లో ఒక ఉదయం నడిస్తే పెద్దవాళ్లకు పూలు, పిల్లలకు మొక్కల పేర్లు దక్కుతాయి.

ఇంకా కిందికి వెళ్తే కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వైపు, నరసాపురం నుంచి సఖినేటిపల్లి వైపు పంటు మీద నది దాటే రేవులున్నాయి. బండ్లూ మనుషులూ కలిసి దాటే ఆ కొద్ది నిమిషాల ప్రయాణంలో నది ఎంత వెడల్పో ఒంటికి తెలుస్తుంది. ఇది ఆ ఊళ్ల రోజువారీ రాకపోకల దారి. దీన్నే బాగుచేసి, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్టు ఇచ్చి, ఎక్కే దగ్గర గట్టి పలక వేస్తే ఊరివాళ్లకూ వచ్చినవాళ్లకూ ఒకేసారి మేలు జరుగుతుంది. అంతర్వేదిలో వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూడాలి. అక్కడ మాత్రం నీళ్లలోకి దిగనే కూడదు. ఆ మాట చెప్పే మనిషి ఆ గట్టు మీద రోజంతా ఉండాలి.

కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లలో విస్తరించింది. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడిచే పిల్లలకు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, ఎండ్రకాయలు, కొంగలు కనిపిస్తాయి. చేపలు పట్టి తినే నీటిపిల్లి ఉండే అడవి ఇది. తుపానును ఆపే గోడ కూడా ఇదే. పోటు వేళ వెళ్తే పాయల్లో నీళ్లుంటాయి, పాటు వేళ బురదే మిగులుతుంది. ఈ సంగతి ముందే చెబితే కుటుంబం నిరాశపడదు. ఎగువ వైపు మారేడుమిల్లి అడవి ఉంది. సంక్రాంతి నాడు కోనసీమకు వచ్చినవాళ్లకు కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభలపై తరలివస్తారు. భుజాల మీద ప్రభను మోస్తూ పొలాలకు అడ్డంపడి, కాలువ నీళ్లలో దిగి దాటించే ఆ యువకుల ఉత్సాహం చూడటానికి ఏ టికెట్టూ అక్కర్లేదు.

ఊరికి దక్కేదెంత

ఇంత సంపద ఉన్న పల్లెలకు పర్యాటకం వల్ల చేరుతున్నది తక్కువ. పట్నంలో టికెట్టు కొని, బోటులోనే తిని, సాయంత్రానికి పట్నం చేరే సందర్శకుడి డబ్బు నది పక్క ఊరిలో ఆగదు. ఇందుకు భిన్నమైన దారి కూడా మన దగ్గరే ఉంది. మారేడుమిల్లిలో అటవీ శాఖ తోడ్పాటుతో వన సంరక్షణ సమితులు నడిపే పర్యావరణ పర్యాటకంలో వంట, బస, దారి చూపడం స్థానిక గిరిజనుల చేతుల్లో ఉన్నాయి. అడవి తమకు అన్నం పెడుతున్నప్పుడు దాన్ని కాచుకునే ఆసక్తి కూడా వాళ్లకే ఎక్కువ. ఈ పద్ధతిని నది పల్లెలకు విస్తరించాలి.

కచ్చులూరు రోజును మరోసారి తలచుకోవాలి. ఆ 26 మందిని కాపాడింది చుట్టుపక్కల గిరిజన గ్రామాల వాళ్లు, తమ చిన్న నావల్లో వెళ్లి. సుడి ఎక్కడ లేస్తుందో, ఏ పక్క నుంచి చేరాలో వాళ్లకు తెలుసు. ఆ తెలివిడికి జీతం ఇవ్వాలి. బెస్త కుటుంబాల నుంచి, కొండరెడ్ల గూడేల నుంచి యువతను తీసుకుని ప్రథమ చికిత్సలో, ప్రాణరక్షణలో శిక్షణ ఇచ్చి ప్రతి రేవుకూ ఏడాది పొడవునా నియమించాలి. పోలవరం ప్రాజెక్టు కోసం ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. దేవీపట్నం వైపు గుళ్లూ ఇళ్లూ నీళ్లలో మునిగాయి. ఆ నీటి మీద రేపు జరగబోయే విహారంలో మొదటి హక్కు ఆ ఊళ్లు వదిలినవాళ్లది. బోటు సిబ్బందిగా, రేవు కాపలాదారులుగా, బస నడిపేవాళ్లుగా వాళ్లకు చోటు ఇవ్వకుండా పాపికొండల అభివృద్ధి అని చెప్పుకోవడం అన్యాయం.

డెల్టాలో చాలా మండువా లోగిళ్లకు తాళాలు పడి ఉన్నాయి. పిల్లలు పట్నాలకో విదేశాలకో వెళ్లిపోయారు. రెండు గదులు శుభ్రం చేసి, ఇంటి భోజనం పెట్టగల కుటుంబాలకు చిన్న రుణం, తేలిక రిజిస్ట్రేషను, ఆడవాళ్ల సంఘాల తోడు దొరికితే ఆ ఇళ్లలో మళ్లీ దీపం వెలుగుతుంది. 2024లో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ హోదా వల్ల పెద్ద హోటళ్లకు కలిగే సౌలభ్యంలో కొంతైనా ఈ రెండు గదుల ఇంటికి అందాలి.

అభ్యంతరాలకు జవాబు

డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. రాజమహేంద్రవరంలో 1897 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన హేవలాక్ వంతెనను కేంద్రంగా చేసుకుని సుమారు 94 కోట్ల రూపాయల అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. అది మంచి పనే. పాత వంతెన మీద నది గాలికి నడిచే అవకాశం నగరానికి రావాలి. పల్లె రేవుకు కావలసినవి అంతకంటే చాలా చిన్నవి. కంచె, రెయిలింగు, నాలుగు బల్లలు, రెండు మరుగుదొడ్లు, ఒక దీపం, ఇద్దరు కాపలాదారుల జీతం. నిర్మాణం కంటే నిర్వహణకే డబ్బు ఎక్కువ కావాలి. మన ప్రభుత్వాలు శిలాఫలకానికి చూపే ఉత్సాహాన్ని నెలనెలా జీతానికి చూపవు. ఆ అలవాటు మారాలి. బోటు టికెట్టులో, బస రుసుములో కొంత భాగాన్ని నేరుగా రేవు నిర్వహణకు పంచాయతీ ఖాతాలో జమ చేస్తే దారి దొరుకుతుంది.

కాలువ గట్టు రైతుదని, అక్కడ సందర్శకుల సందడి సేద్యానికి అడ్డం వస్తుందని మరో అభ్యంతరం. అందులో నిజం ఉంది. అందుకే అన్ని గట్లూ తెరవాలని అనడం లేదు. లాకుల దగ్గర, పెద్ద రేవుల దగ్గర ఎంపిక చేసిన కొద్ది దూరాల్లో, కార్లకు ప్రవేశం లేకుండా, నడకకూ సైకిలుకూ మాత్రమే దారి ఇవ్వాలి. కోతల రోజుల్లో ట్రాక్టరుదే మొదటి హక్కు. గిరిజన గూడేల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్ల ఇళ్లు ప్రదర్శనశాలలు కావు. పిలవని గడపలోకి కెమెరాతో వెళ్లకూడదన్న మర్యాదను బోటు ఎక్కేముందే సందర్శకులకు చెప్పాలి. ప్లాస్టిక్ సంగతీ అంతే. తెచ్చిన సీసా తిరిగి తీసుకెళ్లాలన్న నియమం పెట్టి, ఆచరింపజేయాలి.

భద్రత పేరుతో అన్నీ మూసేయడం తేలికని మరికొందరు అనుకుంటారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ అదే చేస్తున్నాం. కొన్ని నెలలు నిషేధం, తర్వాత మరుపు. నిషేధం ఉన్నా జనం నది దగ్గరికి వస్తూనే ఉంటారు, కాపలా లేని చోట దిగుతారు. నదిని దూరం పెట్టి పిల్లలను కాపాడలేం. దిగదగిన చోటు చూపించి, ఈత నేర్పి, దగ్గర ఒక మనిషిని ఉంచి కాపాడగలం.

ఇప్పుడే మొదలుపెట్టాలి

పుష్కరాల పనుల్లో భాగంగానే ప్రభుత్వం కొన్ని నిర్ణయాలు ప్రకటించాలి. కట్టే ప్రతి ఘాట్‌కూ పండుగ తర్వాత నిర్వహణ ఎవరిదో, ఖర్చు ఎక్కడి నుంచో అంచనాలోనే రాయాలి. గోదావరి పక్క మండలాల్లో ఒక్కొక్క చోటైనా కంచెతో, లోతు గుర్తులతో, శిక్షణ పొందిన ఈతగాళ్లతో శాశ్వతమైన స్నాన రేవు ఏర్పాటు చేయాలి. ఇసుక తవ్విన పాయల్లో గుంతల దగ్గర తెలుగులో పెద్ద హెచ్చరిక బోర్డులు నిలపాలి, ఏటా వరద తగ్గాక లోతులు మళ్లీ కొలవాలి. బోట్లకు నీటిమట్టం హద్దును రోజూ బహిరంగంగా ప్రకటించాలి. శాఖలన్నిటి తరఫున జిల్లాకొక అధికారి నదీతీర భద్రతకు జవాబుదారీగా ఉండాలి, ప్రతి మరణం మీదా కారణాలతో నివేదిక ఇవ్వాలి. బాసర, కాళేశ్వరం, భద్రాచలం ఉన్న తెలంగాణకూ ఈ మాటలు వర్తిస్తాయి. ఎగువన వదిలిన నీళ్లే దిగువ రేవుకు చేరతాయి కాబట్టి రెండు రాష్ట్రాల అధికారులు ప్రవాహ సమాచారాన్ని సందర్శకుల కోసం కూడా పంచుకోవాలి.

కుటుంబాలు చేయవలసింది కూడా ఉంది. తెలియని రేవులో దిగేముందు ఊరి మనిషిని అడగాలి. లైఫ్ జాకెట్టు వేసుకోనివాళ్లు ఉన్న పడవ ఎక్కకూడదు. పిల్లాడికి ఈత నేర్పడం చదువుతో సమానమని అనుకోవాలి. పల్లెకు వెళ్లినప్పుడు ఆ ఊరి కొట్టులో కొని, ఆ ఊరి వంట తిని రావాలి. గోదావరి మీద మనకున్న ప్రేమ పాటల్లో, సినిమాల్లో, పుష్కర స్నానంలో కనిపిస్తూనే ఉంది. అదే ప్రేమ రేవు కాపలాదారు జీతంలో, మెట్ల పక్క రెయిలింగులో, ఆడవాళ్ల మరుగుదొడ్డిలో కూడా కనిపించాలి. 2027లో పెట్టే ఖర్చు విలువ ఎంతమంది స్నానం చేశారన్న లెక్కతో తేలదు. 2028లో, 2030లో, మళ్లీ పుష్కరాలు వచ్చేదాకా ప్రతి వేసవిలోనూ ఆ రేవుకు వెళ్లిన పిల్లలందరూ ఇంటికి తిరిగి రావడంతో తేలుతుంది. ఆ లెక్కను ప్రభుత్వం ఏటా ప్రజల ముందు పెట్టాలి.